జమా – ఖర్చు: ఒక పూట భోజనం ఖరీదు

పోయిన సంచికలో నామినీల గురించి రాసినందుకు ఏడు ఉత్తరాలు వచ్చాయి. అందులో బరంపురం నుంచి ఒక పెద్దాయన, "ఎప్పుడూ డిపాజిట్లూ వడ్డీలేనా, కాస్త కడుపుకు పనికొచ్చేది రాయకూడదా?" అని ప్రేమగా చీవాట్లు పెట్టారు. ఆయన మాట తీసేయలేక ఈసారి భోజనం గురించి రాస్తున్నాను. అయితే బ్యాంకువాడి ముందు విస్తరి వేసినా, వాడు తిని లేచేలోగా ఆ విస్తరి వెనుక ఓ లెక్క వేస్తాడని ముందే మనవి చేసుకుంటున్నాను.

2025 నవంబరులో మూడు వారాలు సెలవు పెట్టి నేనూ, మా ఇంటావిడా జపాను వెళ్ళాం. మా అమ్మాయీ, అల్లుడూ అక్కడ ఆరేళ్ళుగా ఉద్యోగాలు చేస్తున్నారు. టోక్యో నడిబొడ్డు నుంచి తూర్పుకు వెళ్ళే తోజాయ్ లైను అనే రైలుదారి ఉంది. ఆ దారిలోనే నిషి కసాయి వస్తుంది. కంప్యూటరు ఉద్యోగాల మీద వెళ్ళిన మనవాళ్ళు పాతికేళ్ళుగా ఎక్కువగా కాపురముంటున్న పేట అది. అది దాటి, నది దాటి ఇంకా కొంచెం ముందుకు వెళితే గ్యోతోకు. మా వాళ్ళుండేది అక్కడ.

మా మనవరాలికి అయిదో ఏడు. పొద్దున ఎనిమిదికి శిశువిహారానికి వెళ్ళి, సాయంత్రం ఆరుకు వస్తుంది. మా ఇంటావిడ ముద్దుకొద్దీ దాన్ని "నానీ" అని పిలుస్తుంది. జపానీ భాషలో "నాని" అంటే "ఏమిటి?" అని అర్థమట. వెళ్ళిన రెండో రోజున ఆ పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి పోయి, "అమ్మమ్మకు ఏమీ తెలియదా? నన్ను చూసినప్పుడల్లా ఏమిటి, ఏమిటి అని అడుగుతోంది" అందట. అందరం నవ్వుకున్నాం. రాత్రి పడుకున్నాక మాత్రం నాకు అంత నవ్వు రాలేదు.

వెళ్ళిన మొదటి శనివారం మా అల్లుడు నా ముందు కొన్ని కాగితాలు పెట్టాడు. అక్కడే ఓ ఫ్లాటు కొనుక్కుంటారట. శాశ్వత నివాసానికి అనుమతి వచ్చింది కనుక బ్యాంకు అప్పు ఇస్తానంటోంది. వడ్డీ ఏడాదికి నూటికి ఒక రూపాయి కూడా లేదు! ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను కలలో కూడా చూడని రేటు. కాని గడువు దగ్గరికి వచ్చేసరికి నా చూపు ఆగిపోయింది. 35 ఏళ్ళు. అప్పు తీరేనాటికి మా అమ్మాయికి 66 నిండుతాయి.

"మరి సోలాపూరులో మేడ ఎవరికి?" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

మా అమ్మాయి ఏమీ అనలేదు. కాగితాలు తీసి సొరుగులో పెట్టేసింది. ఆ తరువాత రెండు రోజులు ఇంట్లో అందరం మర్యాదగా మాట్లాడుకున్నాం. కుటుంబంలో మర్యాద ఎక్కువైతే ఏదో తేడా వచ్చినట్టే కదా.

మంగళవారం పిల్లలిద్దరూ ఆఫీసుకు వెళ్ళారు. మా ఇంటావిడ మోకాళ్ళ నొప్పితో పడుకుంది. నేను ఒంటరిగా మధ్యాహ్నం బయటపడ్డాను. స్టేషను వెనుక సందులో, మందుల దుకాణానికీ బట్టలుతికే దుకాణానికీ మధ్య, మన మువ్వన్నెల జెండా, దాని పక్కనే నేపాలు వాళ్ళ రెండు కోణాల జెండా కట్టి ఉన్నాయి. బోర్డు మీద మంచుకొండ బొమ్మ. తలుపు బయట నల్లబల్ల మీద భోజనాల బొమ్మలు. 950 యెన్లు, పన్నుతో సహా. యెన్ అంటే మనకు అరవై పైసలకు కాస్త తక్కువ. అంటే సుమారు 550 రూపాయలు. సోలాపూరులో ఆ డబ్బుకు ఇద్దరు పీకలదాకా తినొచ్చు. కాని అక్కడ అది చవక భోజనం కిందే లెక్క.

లోపల పదహారు కుర్చీలు. గణపతి బొమ్మ, బుద్ధుడి కళ్ళున్న స్తూపం బొమ్మ, తాజ్‌మహలు, మూడూ ఒకే గోడ మీద. టీవీలో శబ్దం తీసేసిన హిందీ పాట. ఒకావిడ చల్లటి నీళ్ళూ, చేతులు తుడుచుకోవడానికి తడి తువ్వాలూ తెచ్చి పెట్టి, జపానీలో ఏదో అడిగింది. నేను హిందీలో బదులిచ్చేసరికి ఆమె ముఖం విప్పారింది. కారం ఎంత వేయమంటారని అడుగుతోందట. ఒకటి నుంచి అయిదు దాకా అంకెలున్నాయి. "అయిదు" అన్నాను, తెలుగువాడి పరువు కాపాడదామని.

ముందు సన్నగా తరిగిన క్యాబేజీ, దాని మీద నారింజ రంగు పులుసు. తరువాత పళ్ళెం వచ్చింది. అందులో బటర్ చికెన్, పాలకూర కూర చిన్న గిన్నెల్లో ఉన్నాయి. ఇక నాన్ సంగతి చెప్పాలి. పళ్ళెం దాటి రెండు వైపులా వేలాడుతోంది. మా ఊళ్ళో చిన్నపిల్లకు కప్పే దుప్పటంత ఉంది. నెయ్యి పూసి, వేడివేడిగా, కొంచెం తియ్యగా. అది తిన్నాక ఇంకొకటి కావాలన్నా ఊరికే ఇస్తారట. పక్క బల్ల దగ్గర ముగ్గురు ఆఫీసు కుర్రాళ్ళు చేతులు జోడించి, తలలు వంచి, ఒక్కొక్కరు రెండేసి అవలీలగా లాగించారు. నాకు మొదటిదే సగం మిగిలిపోయింది. అయిదో నంబరు కారం మా సోలాపూరు షేంగా చట్నీ ముందు పసిపాప.

తింటూ లెక్క పెట్టాను. వృత్తి జబ్బు, ఏం చేస్తాం? నేను కూర్చున్న గంటంబావులో ఇరవై ముగ్గురు తిని వెళ్ళారు. ఒక్కరూ భారతీయులు కారు, ఒక్కరూ నేపాలీలు కారు. నాకో అనుమానం వచ్చింది. ఈ తియ్యటి నాన్ ఎవరిది? మా ఇంట్లో ఎన్నడూ చేసింది కాదు. నేపాలు కొండల్లో తినేదీ కాదు. మరి రెండు జెండాల కింద వడ్డిస్తున్నది ఎవరి వంట?

మూడు గంటలకు దుకాణం కాసేపు మూస్తారు. నేను లేవబోతుంటే వంటగదిలోంచి యజమాని బయటికి వచ్చాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి. చేతుల మీద పొయ్యి కాల్చిన పాత మచ్చలు. "సాబ్, ఎక్కడినుంచి?" అన్నాడు హిందీలో. "సోలాపూరు" అన్నాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటూనే.

"సోలాపురీ చాదర్!" అన్నాడు ఆయన వెంటనే. "పూణేలో నాకొకటుండేది సాబ్. పదిహేనేళ్ళు అదే కప్పుకున్నాను."

అంతే. టీ వచ్చింది. తలుపు మీద 'మూసి ఉంది' అన్న పలక తిరిగింది.

ఆయనది పశ్చిమ నేపాలులో బాగ్లుంగ్ జిల్లా, గల్కోట్. పదహారో ఏట, 1993లో, ఊరివాడొకడు వెంటబెట్టుకుని పూణే తీసుకొచ్చాడు. గిన్నెలు తోమాడు, ఉల్లిపాయలు తరిగాడు, చివరికి తందూరు పొయ్యి ముందు నిలబడ్డాడు. ఉత్తరాది వంట అంతా అక్కడే నేర్చుకున్నాడు. జపాను ప్రభుత్వం విదేశీ వంటవాడికి అనుమతి ఇవ్వాలంటే పదేళ్ళ అనుభవం చూపాలి. ఆయనకు పదిహేనేళ్ళది ఉంది. 2008లో ఇక్కడికి వచ్చాడు.

జపాను వాళ్ళకు కూర కొత్తది కాదు. అది మొదట పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళ ద్వారా చేరింది. మన రాస్‌బిహారీ బోస్ 1915లో తెల్లవాళ్ళ కన్నుగప్పి జపాను చేరి, టోక్యోలో నకామురాయా అనే రొట్టెల దుకాణంవాళ్ళ పంచన తలదాచుకుని, ఆ ఇంటికే అల్లుడయ్యాడు. 1927లో అదే దుకాణంలో మన పద్ధతి కూర పెట్టించాడు. ఆ దుకాణంలో ఆ కూర ఈనాటికీ ఉంది. తరువాత భారతీయులు హోటళ్ళు పెట్టారు. వాటిలో వంటకు నేపాలీలను తెచ్చుకున్నారు. ఆ వంటవాళ్ళు నిలదొక్కుకుని తామే దుకాణాలు తెరిచారు. తెరిచినవాడు తన ఊరినుంచి నలుగురిని తెచ్చాడు. ఆ నలుగురిలో ఇద్దరు మళ్ళీ దుకాణాలు తెరిచారు. ఇవాళ ఇలాంటి దుకాణాలు జపానులో వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలా వాటి యజమానులు ఆ ఒక్క బాగ్లుంగ్ జిల్లావాళ్ళే. దేశం మొత్తం మీద నేపాలీలు 2024 చివరికి రెండు లక్షలు దాటారు.

ఇది విన్నప్పుడు మీకేం గుర్తొచ్చింది? నాకు మా తాత గుర్తొచ్చాడు. 1940లలో సిరిసిల్ల పక్క పల్లెనుంచి, పక్కింటివాడి వెంట, ఒక మూటతో సోలాపూరు వచ్చాడు. ఒకడు వచ్చి మగ్గం పట్టడం, వాడి వెనుక పదిమంది రావడం, ఆ పదిమంది వెనుక వాడకట్టంతా కదలడం – మా పద్మశాలీల కథ అంతా ఇదే. తాత నేత నేస్తే మా నాయనమ్మ గడప పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. ఆ గల్కోట్ ఆయన భార్య కూడా అంతే. మొగుడి అనుమతిపత్రం మీద వచ్చిన భార్య వారానికి 28 గంటలు మించి పని చేయకూడదని అక్కడి రూలు. దుకాణం పెట్టుకునే దాకా ఆమె ఆ 28 గంటలూ ఒక హోటలులో పక్కలు సర్దింది.

"రావడానికి ఎంతయింది?" అని అడిగాను. మర్యాద కాదని తెలుసు. కాని ముప్పై ఏళ్ళుగా అప్పు దరఖాస్తులు చూసిన కళ్ళు ఇవి.

మధ్యవర్తికి పది లక్షల నేపాలీ రూపాయలు ఇచ్చాడట. మన డబ్బులో 6,25,000. ఊళ్ళో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. అంటే వడ్డీయే నెలకు ముప్పై వేలు. "మొదటి నాలుగేళ్ళు నేను వంట చేసింది మా ఊరి షావుకారు కోసం సాబ్" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు నాకు కొత్త కాదు. అప్పు తీరినవాళ్ళే అలా నవ్వగలరు.

2015లో బావమరిదితో కలిసి 50 లక్షల యెన్ల పెట్టుబడి చూపించి ఈ దుకాణం పెట్టాడు. బయటివాళ్ళు వ్యాపారం చేయాలంటే అప్పుడు అంత చూపిస్తే చాలు. 2025 అక్టోబరు 16 నుంచి ఆ మొత్తాన్ని ఒక్కసారిగా మూడు కోట్ల యెన్లు చేశారు. ఇప్పటికే ఉన్నవాళ్ళకు మూడేళ్ళ గడువు ఇచ్చారు. నేను బ్యాంకువాణ్ణని తెలియగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే. "మీరు చదువుకున్నవారు. మిగతా రెండున్నర కోట్లు ఎలా వస్తాయో చెప్పండి."

బిల్లు వెనుక లెక్క వేశాం. ఖర్చులు పోను భోజనానికి నూరు యెన్లు మిగులుతాయని ఆయన అంచనా. రెండున్నర కోట్లకు రెండున్నర లక్షల భోజనాలు పెట్టాలి. రోజుకు అరవై, ఏడాదికి మూడు వందల రోజులు అనుకుంటే 18,000. భాగించాను. 13 ఏళ్ళ పైచిలుకు. ఆయన ఆ అంకె చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయితే ఇవాళే మొదలుపెట్టాలి" అన్నాడు. నా దగ్గర సలహా లేదు. వాటాదారులను కలుపుకోవడం, పక్క దుకాణంతో కలిసిపోవడం, అక్కడి లెక్కల నిపుణుణ్ణి ముందుగా కలవడం – తెలిసిన నాలుగు మాటలూ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మేం చెప్పే మాటలు ఎవరైనా శ్రద్ధగా వింటే మాకదే గొప్ప.

తరువాత మాట పిల్లల మీదికి మళ్ళింది. ఆయనకొక్కడే కొడుకు. తండ్రి జపాను వచ్చేనాటికి వాడికి నాలుగేళ్ళు. 2012లో తల్లి కూడా వచ్చేసింది. వాడు తాతా అవ్వల దగ్గర పెరిగాడు. పదేళ్ళలో తండ్రి వాడితో గడిపింది అన్నీ కలిపితే అయిదు నెలలు. పద్నాలుగో ఏట తెచ్చుకున్నారు. "విమానాశ్రయంలో నన్ను చూసి 'నమస్తే' అన్నాడు సాబ్. బయటి మనిషికి పెట్టినట్టు" అన్నాడు. ఆవిడ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రాని భాషలో బడి. కొన్నాళ్ళు ఏడ్చాడు, కొన్నాళ్ళు కొట్లాడాడు. చివరికి రాత్రిబడిలో చదువు పూర్తి చేసి, ఇప్పుడు ఒక గోదాములో సామాన్లు సర్దుతున్నాడు. "జపానీ బాగా మాట్లాడతాడు. కోపం వస్తే వాడు జపానీలో అరుస్తాడు, నేను నేపాలీలో అరుస్తాను. ఇద్దరిలో ఎవరం ఏమన్నామో వాళ్ళమ్మ చెప్పాలి." టోక్యోలో సుగినామి వార్డులో నేపాలీలే 2013లో ఎవరెస్ట్ ఇంటర్నేషనల్ స్కూల్ అని ఒక బడి పెట్టుకున్నారు. కాని అది ఊరికి ఆ చివర. దుకాణం వదిలి రోజూ ఎవరు తీసుకెళతారు?

మా సోలాపూరు పెద్దలు కూడా ఒకప్పుడు ఇలాగే పైసా పైసా కూడబెట్టి తెలుగు బళ్ళు పెట్టారు. నేను నాలుగో తరగతి దాకా తెలుగులో చదివాను, తరువాత మరాఠీలో. మా అమ్మాయి ఇంగ్లీషులో చదివింది. మా మనవరాలు జపానీలో నవ్వుతుంది. నాలుగు తరాల్లో నాలుగు భాషలు ఖాతాలో పడ్డాయి. ఏది జమ, ఏది ఖర్చు అన్నది ఇంకా తేలలేదు.

"ఊళ్ళో ఇల్లుందా?" అన్నాను.

ఫోను తీసి చూపించాడు. మూడంతస్తులు, గులాబి రంగు గోడలు, అద్దాల కిటికీలు, వెనుక కొండ. 2019లో కట్టించాడు. తండ్రి పోయాడు. తల్లి కూతురి దగ్గర ఉంటోంది. ఇంటికి తాళం. తీహార్ పండుగకు, అంటే మన దీపావళికి, పక్కింటివాళ్ళు వెళ్ళి గడపలో దీపం పెడతారట. "మా వాడకట్టులో పదిళ్ళకు ఏడు ఇలాంటివే సాబ్. అన్నీ పెద్ద ఇళ్ళే. తాళాలూ పెద్దవే."

"ఉండనప్పుడు ఎందుకు కట్టావు?"

ఆయన ఆలోచించి చెప్పాడు. "ఇల్లు లేకపోతే ఊళ్ళో నన్ను 'పోయినవాడు' అంటారు. ఇల్లుంటే 'బయట ఉన్నవాడు' అంటారు."

ఆ మాటతో నాకు 1991 గుర్తుకొచ్చింది. మా తాత కూడా ఇక్కడ మగ్గం మీద సంపాదించింది మనియార్డర్లు చేసి, 1962లో పల్లెలో ఓ పెంకుటిల్లు కట్టించాడు. 4,200 రూపాయలైంది. ఏటా బతుకమ్మ పండుగకు నాలుగు రోజులు ఉండి వచ్చేవాడు. ఆయన పోయాక దూలం విరిగింది, పెంకులు రాలాయి. 1991లో జాగాతో సహా తొమ్మిది వేలకు అమ్మేశాం. అప్పుడు నేను కొత్తగా బ్యాంకులో చేరిన బీకాం పట్టభద్రుణ్ణి. ఉత్సాహం కొద్దీ లెక్క వేసి మా బాపుకు చూపించాను. అదే డబ్బు నూటికి ఆరు చొప్పున పోస్టాఫీసులో ఉంటే 29 ఏళ్ళలో ఇరవై రెండు వేలు దాటేది, తాత పదమూడు వేలు నష్టపోయాడు అని. బాపు ఆ కాగితం చూడనే లేదు. "ఆ ఇల్లు ఉందన్న ధీమాతోనే తాత ఈ ఊళ్ళె నిద్రపోయిండురా. దానికి ఏం వడ్డీ కడతవు నువ్వు?" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళుగా నేను ఈ సంగతి అందరికీ చెబుతున్నాను, మా బాపు తెలివికి గుర్తుగా. కాని ఆ మంగళవారం దాకా దాన్ని నాకు వర్తింపజేసుకోలేదు. 2016లో స్టాఫ్ అప్పు తీసుకుని మా ఇంటి మీద మేడ వేశాను. రెండు గదులు, వంటిల్లు, వెనుక వరండా. మా అమ్మాయి తిరిగి వస్తే ఉంటుందని. ఇప్పటి దాకా ఆ వంటింట్లో పొయ్యి వెలగలేదు. ప్రతి ఆదివారం నేనే పైకెళ్ళి దుమ్ము దులిపి, కిటికీలు తెరిచి, మళ్ళీ తాళం వేసి దిగుతాను. తాత ఉన్న ఊళ్ళో ఉండలేక విడిచిన ఊళ్ళో ఇల్లు కట్టాడు. నేను విడిచి వెళ్ళిన కూతురి కోసం ఉన్న ఊళ్ళోనే కట్టాను. రెండూ తాళాల కొంపలే. తాత తన ఇంటిని చూసుకుని హాయిగా నిద్రపోయాడు. నేను నా మేడను చూపించి కన్నకూతురికి నిద్ర లేకుండా చేశాను.

లేచి డబ్బిస్తుంటే, వంటగదిలోంచి వాసన వచ్చింది. పోపు వాసన. బటర్ చికెన్ వాసన కాదు. "అదేమిటి?" అన్నాను. "మా భోజనం సాబ్. పప్పూ అన్నం. అది బోర్డు మీద లేదు." "రేపు నాకు అదే పెట్టు" అన్నాను.

మర్నాడు మా ఇంటావిడనూ తీసుకెళ్ళాను. మూడు దాటాక, పలక తిప్పేశాక, వాళ్ళ బల్ల దగ్గరే కూర్చున్నాం. అన్నం, మినప్పప్పు, బంగాళాదుంప కూర, ముల్లంగి ఊరగాయ, గుంద్రుక్ అనే పులియబెట్టి ఎండబెట్టిన ఆకుల పులుసు. ఆయన కుడిచేత్తో కలుపుకుని తింటుంటే ముందురోజు చూసిన మనిషి కాదనిపించింది. మా ఇంటావిడ గుంద్రుక్ రుచి చూసి, "పుల్లగా మన గోంగూర లెక్క ఉన్నది" అని రెండోసారి వేయించుకుంది. గిన్నె అడుగు కనబడే దాకా ఎవరం మాట్లాడలేదు.

డబ్బు తీసుకోనన్నాడు. "ఇది బోర్డు మీద లేదు, ధర లేదు" అన్నాడు. పార్టీల దగ్గర ఉచితంగా ఏదీ పుచ్చుకోకూడదన్నది మా సర్వీసు నిబంధన. కనుక ఖాతా సరిచేయవలసి వచ్చింది. అమ్మాయి కోసం మేము తీసుకెళ్ళిన సోలాపురీ చాదర్లు రెండింట్లో ఒకటి మా ఇంటావిడ ముందే సంచిలో పెట్టుకుని వచ్చింది. నాతో చెప్పకుండానే! ఆయన దాన్ని విప్పి, అంచు చేత్తో తడిమి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు. తరువాత భార్య చేతికిచ్చి నేపాలీలో ఏదో అన్నాడు. ఆవిడ నవ్వి మాకు హిందీలో చెప్పింది: "ఇది మా అబ్బాయికట."

ఆ రాత్రి మనవరాలు నిద్రపోయాక మా అమ్మాయిని పిలిచాను. "ఆ కాగితాలు తియ్యి, ఒకసారి చూస్తాను" అన్నాను.

"నీకు ఇష్టం లేదు గదా బాపూ" అంది, తల ఎత్తకుండా.

"ఇష్టం సంగతి తరువాత. వడ్డీ మారేదా, స్థిరమా? మారేదైతే ఎంతవరకు పెరగొచ్చు? మీలో ఒకరి ఉద్యోగం పోతే ఎన్ని నెలలు నెట్టుకురాగలరు? ముందు అది చెప్పు."

ఇద్దరం రాత్రి పన్నెండు దాకా కూర్చున్నాం. బీమా ఎలా ఉంది, నెలవారీ కిస్తు జీతంలో ఎంత భాగం, ముందుగా తీరిస్తే రుసుముందా – నా సీట్లో కూర్చుని ఎన్ని వందలమందికి చెప్పానో అవే చెప్పాను. కన్నకూతురికి చెప్పడం మాత్రం అదే మొదటిసారి. లేచేముందు అది అడిగింది, "మరి మేడ?"

"మేడ సంగతి నాకొదిలెయ్" అన్నాను. ఒక్కటే షరతు పెట్టాను. ఆ ఫ్లాటులో మనవరాలితో రోజుకు ఒక పూటైనా, అన్నం దగ్గర తెలుగే మాట్లాడాలని. "బడి లేకపోయినా ఫరవాలేదు, బోర్డు మీద లేకపోయినా ఫరవాలేదు. ఇంట్లోవాళ్ళు తినేది ఇంట్లో ఉండాలి" అన్నాను. దానికి పూర్తిగా అర్థమయిందో లేదో తెలియదు. సరేనంది.

తిరిగి వచ్చాక జనవరి నుంచి మేడ అద్దెకిచ్చాం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మలయాళీ అమ్మాయి, ఆమె తల్లి. సాయంత్రం పూట పైనుంచి కొబ్బరినూనె పోపు వాసన వస్తుంది. మొదటి నెల అద్దె మా అమ్మాయికి పంపబోతే, "అది మనవరాలి పేర వెయ్యి" అంది. వేశాను. ఆదివారాలు నాకు పని తప్పిపోయింది. మొదట్లో తోచలేదు. ఇప్పుడు ఆ సమయానికి మనవరాలు వీడియోలో కనబడుతుంది. పోయిన వారం అమ్మమ్మ "నానీ!" అని పిలవగానే అది అటునుంచి వెంటనే, "ఏమిటీ?" అంది. జపానీలో కాదు, తెలుగులోనే.

ఆ గల్కోట్ ఆయన గడువు 2028 అక్టోబరు దాకా ఉంది. ఏం చేస్తాడో చూడాలి. మా అల్లుడు వారానికోసారి అక్కడ తిని వస్తున్నాడు. మధ్యాహ్నం మూడు తరువాత.

బరంపురం పెద్దాయనకు నమస్కారం. భోజనం గురించి రాయమన్నారు, రాశాను. చివరికి ఇంటి అప్పు దగ్గర తేలింది, మన్నించాలి. మీలో ఎవరింట్లోనైనా వెళ్ళిపోయినవాళ్ళ కోసం తాళం వేసి ఉంచిన గది ఉంటే, దాని సంగతి నాకు రాయండి. వచ్చే సంచికలో లాకర్ల గురించి తప్పకుండా రాస్తాను.